రోజుకో ట్యాంకర్ తాగే లాన్ ఎందుకు? అనంతపురంలో షాపులు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్ల ముందు కరవును తట్టుకునే పచ్చదనం ఇలా..

కొత్త షోరూమ్ ఓపెనింగ్. ముందు భాగమంతా తివాచీ పరిచినట్టు పచ్చటి లాన్. గేటుకు రెండు వైపులా వరసగా మొక్కలు. ఫొటోల్లో అదిరిపోతుంది. ఏప్రిల్ వచ్చేసరికి సీన్ మారిపోతుంది. లాన్ గోధుమ రంగులోకి తిరుగుతుంది, మొక్కలు తలలు వాల్చేస్తాయి. బోరు చూస్తే పావుగంట పోసి ఆగిపోతుంది. ఇక ట్యాంకర్‌కు ఫోన్ కొట్టడం తప్ప మరో దారి ఉండదు.

అనంతపురం పీఠభూమిలో వ్యాపారం చేసే చాలామందికి ఇది తెలిసిన కథే. బెంగళూరు-హైదరాబాద్ 44వ నంబర్ జాతీయ రహదారి పొడవునా హోటళ్లు, పెట్రోలు బంకులు, ఫంక్షన్ హాళ్లు, షోరూమ్‌లు, గోడౌన్లు పెరుగుతున్నాయి. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఈ రూట్‌లో సందడి ఇంకా పెరిగింది. ప్రతి బిల్డింగ్ ముందూ కాస్త పచ్చదనం కావాల్సిందే. కానీ నీళ్లెక్కడివి?

దీనికి ఖర్చు తగ్గించే పరిష్కారం ఉంది. వానను లెక్కేసుకుని, ఈ నేలకు అలవాటైన మొక్కలతో ముందు స్థలాన్ని తీర్చిదిద్దుకోవడం. ఎలా చేయాలి? ఏ మొక్కలు వేయాలి? వేటి జోలికి వెళ్లకూడదు? పూర్తి వివరాలు తెలుసుకుందాం.

ముఖ్యాంశాలు

• పాతిక సెంట్ల లాన్‌కు ఎండాకాలంలో రోజుకు సుమారు 5,000 లీటర్లు కావాలి. అంటే రోజుకో ట్యాంకర్.
• అదే చోట 100 స్థానిక చెట్లకు మొదటి రెండేళ్లు వారానికి 4,000 లీటర్లు సరిపోతాయి. ఆ తర్వాత ఇంకా తగ్గుతాయి.
• వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి పడే వానలో 4 లక్షల లీటర్లకు పైగా పట్టుకోవచ్చు.
• కరవును తట్టుకునే ప్రతి మొక్కా మంచిది కాదు. సర్కారు తుమ్మ నేర్పిన పాఠం అదే.
• మొదటి రెండు ఎండాకాలాలు జాగ్రత్తగా దాటిస్తే మిగతాది చెట్టే చూసుకుంటుంది.

అనంతలో వాన ఎందుకు తక్కువ?

అనంతపురం జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అనంతపురమే అని తరచూ చెబుతుంటారు. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లాను అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడదీశారు. జిల్లా రెండైనా వాన తీరు మాత్రం మారలేదు.

కారణం భౌగోళికం. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు తేమ వదిలేస్తాయి. ఇక్కడికి చేరేసరికి మబ్బులు ఉంటాయి కానీ చినుకులు ఉండవు. ఈశాన్య రుతుపవనాల వాన కోస్తాకు దగ్గరగా ఎక్కువ పడుతుంది. లోపలికి వచ్చేకొద్దీ పలచబడుతుంది. రెండు రుతుపవనాలకూ అనంతపురం దూరపు చుట్టమే. నైరుతిలో సుమారు 340 మిల్లీమీటర్లు, ఈశాన్యంలో సుమారు 155 మిల్లీమీటర్లు.. ఇదీ సాధారణ లెక్క. ఎక్కువ వాన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే.

దీనికి తోడు మరో మూడు ఇబ్బందులున్నాయి. ఒకటి, నేల. జిల్లాలో ఎక్కువ భాగం లోతు లేని ఎర్రనేల. కింద గులకరాళ్లు, ఆపైన గట్టి రాయి. తేమ నిలవదు. రెండోది, గాలి. జూన్, జులై నెలల్లో ఇక్కడి గాలులు ఎంత బలంగా ఉంటాయో గాలిమరల్ని చూస్తేనే అర్థమవుతుంది. ఆ గాలి ఆకుల్లోని తేమను లాగేస్తుంది. మూడోది, ఎండ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే.

తుంగభద్ర హెచ్చెల్సీ కాలువ, హంద్రీ-నీవా ద్వారా బయటి నీళ్లు జిల్లాకు వస్తున్న మాట నిజమే. అయితే ఆ నీళ్ల కోసం తాగునీరు, సాగు, పరిశ్రమలు అన్నీ వరుసలో ఉన్నాయి. అలంకారపు గడ్డి ఆ వరుసలో ఎక్కడ నిలబడాలి అన్నదే ప్రశ్న.

లాన్ లెక్క ఇదీ..

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లు అంటే సరిగ్గా ఒక లీటరు. ఎండాకాలంలో లాన్ పచ్చగా ఉండాలంటే రోజుకు కనీసం 5 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. అంటే వెయ్యి చదరపు మీటర్ల లాన్‌కు (సుమారు 1,200 గజాలు, దాదాపు పాతిక సెంట్లు) రోజుకు 5,000 లీటర్లు. ఒక ట్యాంకర్.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. కేంద్ర ప్రభుత్వ జల్ జీవన్ మిషన్ ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకు ఇవ్వాల్సిన నీళ్లు 55 లీటర్లు. అంటే ఆ ఒక్క లాన్ తాగేది 90 మంది మనుషుల వాటా. పక్క ఊళ్లో బిందెలు వరుసలో ఉంటే, హైవే మీద స్ప్రింక్లర్ తిరుగుతూ ఉంటుంది. ఇది చూసేవాళ్లకూ బాగోదు, బిల్లు కట్టేవాళ్లకూ భారమే.

ఇక లాన్ కాకుండా అదే పాతిక సెంట్లలో 100 స్థానిక చెట్లు నాటారనుకుందాం. ఒక్కో చెట్టుకు వారానికి రెండుసార్లు 20 లీటర్ల చొప్పున పోసినా మొత్తం 4,000 లీటర్లు. లాన్‌కు వారానికి 35,000 లీటర్లు పోతుంటే, చెట్లకు అందులో ఎనిమిదో వంతు కూడా కాదు. అదీ మొదటి రెండేళ్లే. పైగా చెట్టు నీడనిస్తుంది. లాన్ నీడనివ్వదు.

జెరిస్కేపింగ్ అంటే ఏంటి?

తక్కువ నీళ్లతో ఆవరణను తీర్చిదిద్దే పద్ధతిని ప్రపంచమంతా జెరిస్కేపింగ్ అంటోంది. గ్రీకు భాషలో 'జెరోస్' అంటే పొడి. అమెరికాలోని డెన్వర్ నగర నీటి సరఫరా సంస్థ 1981లో ఈ పదాన్ని వాడుకలోకి తెచ్చింది. ఇందులో ఏడు సూత్రాలున్నాయి. ముందే ప్లాన్ గీసుకోవడం, నేలను బాగుచేసుకోవడం, అవసరమైన చోటే గడ్డి, తగిన మొక్కలు, పొదుపుగా నీళ్లు పెట్టడం, నేలను కప్పి ఉంచడం, వేళకు నిర్వహణ. వినడానికి కొత్తగా ఉన్నా మన మెట్ట రైతుకు ఇవేవీ తెలియనివి కావు.

ఎడారిలో ఉన్న లాస్ వేగాస్ నగరం ఇంకో అడుగు ముందుకేసింది. ఆ నగరం ఉన్న నెవాడా రాష్ట్రం 2021లో చట్టమే చేసింది. ఆఫీసులు, వాణిజ్య భవనాల ముందు చూడటానికి తప్ప ఎవరూ అడుగు పెట్టని లాన్‌లకు 2026 చివరి తర్వాత కొలరాడో నది నీళ్లు పెట్టకూడదు. అక్కడ లాన్ తీసేసినవాళ్లకు నీటి సంస్థే డబ్బులిస్తోంది.

మన దగ్గర అలాంటి చట్టం లేదు. కానీ హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఐజీబీసీ గ్రీన్ బిల్డింగ్ రేటింగ్‌లో లాన్ తగ్గించి, కరవును తట్టుకునే మొక్కలు వేసిన భవనాలకు పాయింట్లు ఉన్నాయి. కొత్తగా పెద్ద బిల్డింగ్ కట్టేవాళ్లు ఆర్కిటెక్ట్‌ను ఈ విషయం ముందే అడగొచ్చు.

పాఠం పక్కనే ఉంది

డెన్వర్ దాకా వెళ్లక్కర్లేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ముందుగా 32 ఎకరాల బీడు భూమితో పని ప్రారంభించింది. తర్వాత చుట్టుపక్కల గ్రామాల ప్రజలతో కలిసి కల్పవల్లి అనే వేల ఎకరాల సామూహిక అడవిని నిలబెట్టింది. అక్కడ వాడిన సూత్రం చాలా సింపుల్. మంటలు రాకుండా చూడటం, మేతను అదుపులో పెట్టడం, పడిన వానను నేలలోకి ఇంకించడం. నేలలో అప్పటికే ఉన్న వేళ్లు, విత్తనాలే చాలావరకు మళ్లీ చిగురించాయి. ఇళ్ల కప్పులకు వాడే బోదగడ్డి తిరిగి వచ్చింది. ట్యాంకర్లతో పెంచిన అడవి కాదది.

కదిరి దగ్గర గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమాను సంగతి తెలిసిందే. సుమారు ఐదెకరాల్లో పరుచుకున్న ఆ ఒక్క చెట్టు 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. అదీ ఈ పొడి నేల మీదే. ఈ గడ్డ మీద పచ్చదనం నిలవదన్న మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. నేలకు నప్పిన చెట్టు కావాలంతే. అలాగని బిల్డింగ్ పక్కన మర్రి, రావి నాటకండి. వాటి వేళ్లు గోడలను చీల్చేస్తాయి. ఎకరాల స్థలం ఉన్న ఫ్యాక్టరీలు, కాలేజీలకే అవి సరిపోతాయి.

ముందు స్థలం చూసుకోండి

మొక్కలు కొనడానికి ముందు ఒక కాగితం మీద మీ ఆవరణను గీయండి. మూడు భాగాలు చేయండి.

మొదటిది ముఖద్వారం. కస్టమర్ కన్ను పడేది ఇక్కడే. కాస్త ఎక్కువ శ్రద్ధ, కాస్త ఎక్కువ నీళ్లు ఈ చిన్న ముక్కకే పెట్టండి. కుండీలు, పూల మొక్కలు ఇక్కడికే.

రెండోది పార్కింగ్. ఇక్కడ కావాల్సింది నీడ. రెండు మూడు కార్లకు ఒక చెట్టు చొప్పున ప్లాన్ చేసుకోండి. మొత్తం సిమెంట్ పోసేయకుండా చెట్టు చుట్టూ కనీసం ఒకటిన్నర మీటర్ల మట్టి వదలండి.

మూడోది ప్రహరీ వెంబడి, వెనక భాగం. ఇక్కడ అసలు నీళ్లు పెట్టక్కర్లేని మొండి జాతులు వేయాలి. నైరుతి వైపు గాలిని ఆపేలా చెట్ల వరుస ఉంటే లోపలి మొక్కలకు సగం కష్టం తగ్గుతుంది.

వాన పడ్డప్పుడు నీళ్లు ఎటు పారుతున్నాయో ఒకసారి నిలబడి చూడండి. ఆ దారిలోనే మొక్కలు ఉండాలి. చాలా బిల్డింగ్‌లలో దీనికి రివర్స్ జరుగుతుంది. మొక్కల మడి ఎత్తులో, డ్రైన్ పల్లంలో. వాన నీళ్లన్నీ రోడ్డు మీదకు పోతాయి, మర్నాడు మొక్కలకు బోరు వేస్తారు. మడిని నేల మట్టం కంటే జానెడు పల్లంగా పెడితే చాలు, ఈ తప్పు సరిపోతుంది.

ఏ మొక్కలు? ఎక్కడ?

నీడకు: వేప, కానుగ ముందు వరుసలో ఉంటాయి. వేప ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం కూడా. కానుగ దట్టమైన నీడనిస్తుంది, ఎండాకాలం ముంగిట కొత్త చిగురుతో మెరుస్తుంది. చింత నెమ్మదిగా పెరుగుతుంది కానీ తరతరాలు ఉంటుంది. వేప పండ్లు, చింతకాయలు రాలి కార్లు పాడవుతాయనుకుంటే పార్కింగ్‌లో కానుగ వేసి, వేప, చింతలను అంచుల్లో పెట్టండి.

పూలకు: రేల చెట్టు ఏప్రిల్, మే నెలల్లో పసుపు పూల గుత్తులతో నిండిపోతుంది. మిగతావన్నీ వాడిపోయే టైంలో ఇది పూస్తుంది. స్థలం ఉంటే మోదుగ కూడా బాగుంటుంది. పొదల్లో తంగేడుకు సాటి లేదు. రాళ్ల నేలలో, నీళ్లు లేకుండా పసుపు పూలు పూస్తుంది, పశువులు పెద్దగా ముట్టవు. మేకలు, ఆవులు లోపలికి వచ్చే హైవే పక్క స్థలాలకు ఇది వరం.

కంచెకు, గోడకు: కాగితం పూల మొక్క. దీనికి నీళ్లు ఎక్కువైతే ఆకులు, తక్కువైతే పూలు. వావిలి కూడా కంచెకు బాగా పనికొస్తుంది.

నేల మీద: బిళ్లగన్నేరు ఒకసారి వేస్తే తన విత్తనాలతో తానే మళ్లీ మొలుస్తుంది. టేబుల్ రోజ్, కలబంద, నిమ్మగడ్డి తక్కువ నీళ్లతో బతుకుతాయి. వాలు ఉన్న చోట వట్టివేరు వేస్తే మట్టి కొట్టుకుపోదు.

ముఖద్వారం కుండీలకు: ఎడారి గులాబీగా పిలిచే అడీనియం, కలబంద. కుండీకి కింద రంధ్రం తప్పనిసరి. ఇవి ఎండకు చావవు, నీళ్లు నిలిస్తే చస్తాయి.

గడ్డి కావాల్సిందేనంటే: ఫంక్షన్ హాళ్లకు ఫొటోల కోసం కొంత గడ్డి కావాలి. స్టేజి ముందు ఒక్క ముక్కకే పరిమితం చేయండి. కార్పెట్ గడ్డి, మెక్సికన్ గడ్డి బదులు మన గరిక వేయండి. ఎండాకాలంలో రంగు మారినా వేరు చావదు, ఒక్క వానకు మళ్లీ లేస్తుంది.

ఒకే రకం వద్దు: వంద చెట్లూ వేపే వేయకండి. 2021లో తెలంగాణ, ఏపీల్లో వేప చెట్ల కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోవడం అందరూ చూశారు. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే ఫంగస్ దీనికి కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. చాలా చెట్లు తర్వాత చిగురించాయి. అయినా నాలుగైదు జాతులు కలిపి నాటితే ఒక తెగులు వచ్చినా ఆవరణ మొత్తం బోసిపోదు.

వీటి జోలికి వెళ్లొద్దు

సర్కారు తుమ్మ: నీళ్లు అడగదు, నిర్వహణ అడగదు. కానీ ఏం జరిగింది? 1877లో పక్కనే ఉన్న కడప ప్రాంతానికి వంటచెరకు కోసం తెచ్చిన ఈ విదేశీ మొక్క ఇప్పుడు చెరువులు, వంకలు, బీళ్లు అన్నీ ఆక్రమించేసింది. కరవును తట్టుకుంటే చాలదు, చుట్టుపక్కల వాటిని బతకనివ్వాలి కూడా.

కోనోకార్పస్: త్వరగా పచ్చటి గోడలా పెరుగుతుందని కొన్నేళ్లుగా లేఅవుట్లు, డివైడర్లు, ఆఫీసుల ముందు విపరీతంగా నాటారు. వేళ్లు పైపులైన్లలోకి వెళ్తున్నాయని, పుప్పొడితో అలర్జీ వస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. ఈ ఆరోపణలపై నిపుణుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. అయితే తెలంగాణ హరితహారంలో దీన్ని నాటడం ఆపేశారు. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో నిషేధించాయి. కొత్తగా నాటి తలనొప్పి తెచ్చుకోవడం ఎందుకు?

గన్నేరు: హైవే డివైడర్ల మీద బాగుంటుంది. కానీ మొక్క మొత్తం విషమే. స్కూళ్లు, ఆస్పత్రులు, పిల్లలు ఆడుకునే హోటల్ ఆవరణల్లో వద్దు. పసుపు గన్నేరుదీ అదే సంగతి.

కిత్తనార, నాగజెముడు: కరవుకు లొంగని మొక్కలు. కానీ ముళ్లు ప్రమాదం. మనుషులు నడిచే దారికి దూరంగా, ప్రహరీ వెంబడి మాత్రమే.

నాటడం ఇలా..

సరైన సమయం జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు. ఓపెనింగ్ ముహూర్తం మార్చిలో ఉందని మార్చిలో నాటితే డబ్బు మట్టిలో పోసినట్టే. అప్పటికి కుండీలతో కానిచ్చి, వాన పడ్డాక నేలలో నాటుకోండి.

గుంత రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు. ఎండాకాలంలోనే తవ్వి ఆరబెడితే మంచిది. కింద గట్టి పొర తగిలితే గడ్డపారతో పగలగొట్టాలి, లేకపోతే వేరు అక్కడే చుట్టలు తిరుగుతుంది. తీసిన మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. బిల్డింగ్ కట్టిన చోట సిమెంట్, కంకర, ప్లాస్టర్ ముక్కలు మట్టిలో కలిసిపోయి ఉంటాయి. వాటిని ఏరేయకపోతే ఎంత మంచి మొక్కైనా ఎదగదు. గోడకు కనీసం నాలుగు మీటర్ల దూరం పాటించండి. కరెంటు తీగల కింద పెద్ద చెట్లు వద్దు.

పది అడుగుల చెట్టు తెచ్చి నాటితే తొందరగా నీడ వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మూడు నాలుగు అడుగుల మొక్క తొందరగా నాటుకుంటుంది, లోతుకు వేరు దించుతుంది, కొన్నేళ్లలో పెద్దదాన్ని అందుకుంటుంది.

నీళ్లు ఎంత? ఎప్పుడు?

డ్రిప్ విషయంలో అనంతపురానికి ఒక సౌలభ్యం ఉంది. 2003లో మొదలైన సూక్ష్మ సాగునీటి ప్రాజెక్టు తర్వాత చీనీ, దానిమ్మ, అరటి తోటల్లో డ్రిప్ మామూలైపోయింది. పైపులు దొరికే షాపులు, బిగించే మెకానిక్‌లు ప్రతి టౌన్‌లో ఉన్నారు. అదే సామాను హోటల్ ముందు మొక్కలకూ పనికొస్తుంది.

ఒక్కో చెట్టుకు గంటకు 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు రెండు పెట్టండి. రెండున్నర గంటలు నడిపితే 20 లీటర్లు. రోజూ కొంచెం కొంచెం కంటే వారానికి రెండుసార్లు లోతుగా ఇవ్వడం మంచిది. అప్పుడే వేరు నీళ్ల కోసం కిందికి వెళ్తుంది. పైపైన తడిపితే వేరు పైనే ఉండిపోయి మొదటి ఎండకే మొక్క పడిపోతుంది.

మొదటి మూడు నెలలు వాన లేకపోతే రెండు మూడు రోజులకోసారి పది లీటర్లు. తర్వాత ఏడాది చివరి దాకా వారానికి ఒకటి రెండుసార్లు 20 లీటర్లు. రెండో ఏడాది పది రోజులకోసారి, ఎండాకాలంలో వారానికోసారి. మూడో ఏడాది నుంచి ఎండాకాలంలో నెలకు రెండు తడులు. మట్టిని, ఆకును చూసి కొంచెం అటూ ఇటూ మార్చుకోవాలి.

డాబానే చెరువు

వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే 5.5 లక్షల లీటర్లు. ఆవిరి, వృథా పోగా 80 శాతం పట్టినా 4.4 లక్షల లీటర్లు. అంటే 88 ట్యాంకర్లు. పైన చెప్పిన వంద చెట్లకు ఇది రెండేళ్లకు పైగా సరిపోయే నీరు.

అంత నీళ్లు దాచే సంపు ఎవరికీ ఉండదు. అక్కర్లేదు కూడా. 50 మిల్లీమీటర్ల గట్టి వాన ఒకటి పడితే ఆ డాబా నుంచి 40,000 లీటర్లు వస్తాయి. ఆ సైజు సంపు సీజన్‌లో చాలాసార్లు నిండుతుంది. పొంగిన నీళ్లను ఇంకుడు గుంతలోకి, మొక్కల మడుల్లోకి మళ్లించండి. ఆవరణంతా కాంక్రీట్ అయితే ఏమవుతుందో 2022 అక్టోబరులో అనంతపురం నగరం చూసింది. నడిమివంక పొంగి కాలనీలు నీట మునిగాయి. కరవు జిల్లాలోనే వరద. నీళ్లను ఇంకనిచ్చే ఆవరణ రెండింటికీ మందు.

పెద్ద హోటళ్లు, ఆస్పత్రులు ఎస్టీపీలో శుద్ధి చేసిన నీళ్లను చెట్లకు వాడొచ్చు. ఆర్‌వో ప్లాంట్ వదిలేసే నీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. అందులో లవణాలు ఎక్కువ. రోజూ అవే పోస్తే మట్టిలో ఉప్పు పేరుకుని ఆకుల అంచులు మాడిపోతాయి. మామూలు నీళ్లతో కలిపి, అప్పుడప్పుడూ మాత్రమే వాడాలి.

నేలను కప్పి ఉంచండి

ఎర్రనేల ఎండకు గట్టిపడి నీళ్లు తాగదు. దాని మీద మూడు నాలుగు అంగుళాల పొర వేస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. వేరుశనగ పండించే జిల్లాలో దీనికి కొదవ లేదు. మిల్లుల దగ్గర దొరికే వేరుశనగ పొట్టు (స్థానికంగా బుడ్డల పొట్టు) చక్కగా పనిచేస్తుంది. మొదలుకు అరడుగు దూరంలో వేయండి, లేకపోతే చెద పట్టొచ్చు. పెట్రోలు బంకులు, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మాత్రం ఎండుటాకులు, పొట్టు వద్దు. అక్కడ కంకర వేయండి.

నడిచే దారులకు తాడిపత్రి బండలు ఉండనే ఉన్నాయి. బండల మధ్య సందులు వదిలి ఇసుక నింపితే వాన నీళ్లు లోపలికి దిగుతాయి. అయితే 'తక్కువ నీళ్లు' అన్నారు కదా అని ఆవరణంతా రాళ్లు, కంకరతో నింపేయడం పెద్ద పొరపాటు. నీడ లేని రాయి పగలంతా వేడెక్కి సాయంత్రం దాకా కక్కుతూనే ఉంటుంది. షాపులో ఏసీ బిల్లు పెరుగుతుంది. రాయి ఉన్న చోట పైన చెట్టు నీడ ఉండాలి.

ఏడాదిలో ఎప్పుడేం చేయాలి?

• మే: గుంతలు, మడులు సిద్ధం. డాబా, వాన నీటి పైపులు శుభ్రం.
• జూన్-సెప్టెంబరు: నాటడం, చచ్చిన వాటి స్థానంలో కొత్తవి. గాలికి పడకుండా కర్ర ఊతం.
• అక్టోబరు-నవంబరు: కలుపు తీత, కొత్తగా పొట్టు పరచడం.
• డిసెంబరు-జనవరి: అడ్డదిడ్డంగా పెరిగిన కొమ్మల కత్తిరింపు.
• ఫిబ్రవరి-మే: డ్రిప్పర్లు మూసుకుపోయాయేమో వారానికోసారి చెక్ చేయాలి. ఎండుగడ్డి తొలగించాలి.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

2002 నాటి వాల్టా చట్టం ఏపీలో అమల్లో ఉంది. ప్రజలకు తాగునీరిచ్చే బోరు, బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. వాన నీటి సంరక్షణ, చెట్ల నరికివేతకు సంబంధించిన నిబంధనలూ అందులోనే ఉన్నాయి. పెద్ద ప్లాట్లలో చుట్టూ మొక్కల పట్టీ వదలాలని బిల్డింగ్ రూల్స్ చెబుతున్నాయి. ప్లాన్ అప్రూవల్‌లో చూపించిన ఆ పట్టీని తర్వాత పార్కింగ్‌గా మార్చేయడం నిబంధనలకు విరుద్ధం.

నర్సరీతో లేదా కాంట్రాక్టర్‌తో అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు 'నాటిన మొక్కలు' కాకుండా 'రెండో ఎండాకాలం తర్వాత బతికి ఉన్న మొక్కలు' లెక్కన చెల్లింపు పెట్టుకోండి. చివరి వాయిదా అప్పటిదాకా ఆపితే నాణ్యత దానంతటదే వస్తుంది.

తరచూ అడిగే ప్రశ్నలు

చెట్లు పెరిగితే షాపు బోర్డు కనపడదు కదా?
బోర్డుకు ఎదురుగా కాకుండా రెండు పక్కలా నాటండి. కింది కొమ్మలు తీస్తూ వెళ్తే నాలుగైదేళ్లకు గొడుగు బోర్డు పైకి వెళ్లిపోతుంది. నీడ ఉన్న చోటే కస్టమర్ బండి ఆపుతాడన్నది మరిచిపోవద్దు.

ప్లాస్టిక్ గడ్డి వేస్తే గొడవే ఉండదుగా?
నీళ్లు అక్కర్లేదు, నిజమే. కానీ ఎండలో అది గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. అనంతపురం మే నెలలో దాని మీద చెప్పుల్లేకుండా నిలబడలేరు. కొన్నేళ్లకు చెత్తగా మారుతుంది.

పొదలుంటే పాములొస్తాయా?
రాళ్ల గుట్టలు, చెత్త, దట్టమైన పొదల అడుగు భాగం వాటికి ఇష్టం. పొదల కింద అడుగు ఎత్తు దాకా కత్తిరించి ఉంచండి, గుమ్మం దగ్గర కంకర కుప్పలు పెట్టకండి.

అద్దె బిల్డింగ్ అయితే?
నేలలో నాటడానికి యజమానితో మాట్లాడండి. లేదంటే పెద్ద కుండీల్లో కాగితం పూలు, అడీనియం పెట్టుకుంటే ఖాళీ చేసేటప్పుడు వెంట తీసుకెళ్లొచ్చు.

ఇప్పటికే లాన్ ఉంది, ఏం చేయాలి?
ఒకేసారి తీసేయక్కర్లేదు. ఎవరూ నడవని, ఎవరూ కూర్చోని భాగంతో మొదలుపెట్టండి. వచ్చే వానాకాలంలో అక్కడ నాలుగు కానుగలు, పది తంగేళ్లు నాటి పొట్టు పరచండి. మరుసటి ఎండాకాలం ట్యాంకర్ల బిల్లు పక్కన పెట్టి చూసుకోండి. మిగతా లాన్ ఉంచాలో వద్దో ఆ బిల్లే చెబుతుంది.